సొంత బతుకు గురించి అడిగితే తడబడుతున్న మా పిల్లలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉద్యోగాల పేజీలో ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలో రాశారు. ఆ ముక్క కత్తిరించి మా షాపు గోడకి అతికించాను. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలి. పద్నాలుగేళ్లుగా ఇక్కడ జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిది దాకా అప్లికేషన్లు, హాల్ టికెట్లు, కులం సర్టిఫికెట్లు, రెజ్యూమ్‌లు. మా ఊళ్లోనూ, చుట్టుపక్కల కొనకనమిట్ల, మర్రిపూడి మండలాల్లోనూ డిగ్రీ, డిప్లొమా చదివిన పిల్లలు చాలామంది ఏదో ఒక రోజు నా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లే. ఇంటర్వ్యూకి పోయే ముందు వాళ్ల మొహాలు చూస్తాను, తిరిగొచ్చాక కూడా చూస్తాను. అందుకే ఈ ఉత్తరం.

మీరు రాసిన వాటిలో తప్పేమీ లేదు. పావుగంట ముందే చేరుకోవాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, నవ్వుమొహంతో నమస్కారం పెట్టాలి, అన్నీ నిజమే. కానీ మా పిల్లలు దెబ్బ తినేది చొక్కా దగ్గర కాదు. "మీ గురించి చెప్పండి", "మీ నాన్నగారు ఏం చేస్తారు", "చదువు అయిపోయాక ఈ ఏడాది ఏం చేశారు" అన్న ప్రశ్నల దగ్గర. ఇవి పుస్తకంలో ప్రశ్నలు కావు, వాళ్ల బతుకులో ప్రశ్నలు. వాటికే నోరు పెగలక వెనక్కి వస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నా కంప్యూటర్లో ఒక రెజ్యూమ్ ఫైలు ఉండేది. ఎప్పుడో ఒక అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వదిలేసి పోయింది. "అక్కా, అదే ఫైల్లో నా పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు ఇవ్వు" అనేవాళ్లు అందరూ. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని నాలుగు వరుసల ఇంగ్లీషు. దాని అర్థం ఏంది నాయనా అని అడిగితే తల దించుకునేవాళ్లు. బలాలు అన్నచోట హార్డ్ వర్క్. హాబీలు అన్నచోట పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ఒకసారి ఒక ఆడపిల్ల కాగితంలో కూడా క్రికెట్ అట్లాగే ఉండిపోయింది. ఇంటర్వ్యూ చేసినాయన మొదట దాన్నే పట్టుకున్నాడు. బౌలింగ్ చేస్తావా, బ్యాటింగా, మీ టీం పేరేంటి అని. ఆ పిల్ల జన్మలో బ్యాట్ పట్టుకోలేదు. సాయంత్రం బస్సు దిగి నేరుగా మా షాపుకే వచ్చి ఏడ్చింది. ఆ ప్రింటు తీసి ఇచ్చింది నేను. ఆ రాత్రి ఆ ఫైలు డిలీట్ చేశాను.

అప్పటి నుంచి రెజ్యూమ్ అని ఎవరు వచ్చినా తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి స్టూలు వేస్తున్నాను. పదో తరగతి నుంచి ఇప్పటిదాకా నీ చేతుల్తో నువ్వు చేసిన పనులు తెలుగులో రాయి అంటాను. మొదట "నేనేం చేశానక్కా, చదువుకున్నా అంతే" అంటారు. కాసేపు వదిలేస్తే కలం కదులుతుంది. రెండు వేసవులు బాబాయి మెడికల్ షాపులో కూర్చున్నానని ఒకరు రాశారు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో ఆరు నెలలు లోడింగ్ లెక్కలు చూశానని ఇంకొకరు. ఒక డిగ్రీ అమ్మాయి, వాళ్లమ్మకి చదువు రాదు కాబట్టి డ్వాక్రా సంఘం పుస్తకాలు ఇంటర్ నుంచి తనే రాస్తున్నానని రాసింది. పది మంది సభ్యులు, నెలనెలా పొదుపు, బ్యాంకు లింకేజీ రుణం, ఎవరి వాయిదా ఎంత, ఎవరిది ఆగింది, అన్నీ నోటితో చెప్పేసింది. ఆ అమ్మాయి పోతున్నది బ్యాంకు ఇంటర్వ్యూకి! అంతకుముందు తయారుచేసుకున్న రెజ్యూమ్‌లో మాత్రం అదొక్కటి తప్ప మిగతా అన్నీ రాసుకుంది. పక్క నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక పొదుపు సంఘాలు ఊరూరా ఎట్లా పాకాయో మా వయసు వాళ్లకి తెలుసు. అమ్మ దగ్గర్నుంచి ఆ లెక్క నేర్చుకున్న పిల్ల దాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడింది.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయింది ఒక అబ్బాయి సంగతి. పేరు రాయను. కొనకనమిట్ల వైపు పల్లె, మెకానికల్ డిప్లొమా. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పడింది. ఇంట్లో సిగ్నల్ నిలవదని మా షాపు వెనక గదిలో కూర్చోబెట్టమని అడిగాడు. మధ్యలో కరెంటు పోతే ఎట్లా అని ఇన్వర్టర్ చూసుకుని, జిరాక్స్ మిషన్ ఆపేసి, నేను బయట కూర్చున్నాను. మధ్యలో ఉన్నది చెక్క తలుపు ఒక్కటే, అన్నీ వినపడతాయి.

మీ గురించి చెప్పండి అన్నారు అవతల. మావాడు కుళాయి తిప్పినట్టు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మూడో వాక్యంలోనే ఆయన ఆపాడు. మీ నాన్న ఏం చేస్తారు అన్నాడు. "అగ్రికల్చర్ సార్." ఏం పంట? కాసేపు చప్పుడు లేదు. "క్రాప్స్ సార్" అన్నాడు. డిప్లొమా అయ్యాక ఒక ఏడాది ఖాళీగా ఉందే అన్నాడాయన. "హెల్త్ ప్రాబ్లం సార్." నైట్ షిఫ్టు చేయగలవా? "ఎస్ సార్." పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చాక చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. మజ్జిగ తెప్పించి ఇచ్చాను.

"ఏంది నాయనా, నీకు ఒంట్లో బాగాలేకపోయిందా ఆ ఏడాది?"

"నాకు కాదక్కా, నాన్నకి. బ్యారన్‌లో కర్రలు ఎక్కిస్తా జారిపడి తొడ ఎముక ఇరిగింది. ఆ సీజన్ అంతా నేనే కాల్చా."

మా వైపు తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. బ్యారన్ అంటే పొగాకు పచ్చి ఆకుని కర్రలకి అల్లి, అంతస్తులుగా వేలాడదీసి, కింద పొయ్యి వేడితో ఎండబెట్టే గది. ఆ అబ్బాయి మజ్జిగ గ్లాసు పట్టుకుని అరగంట చెప్పాడు. వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలుపెట్టాలంట. ఆకు పసుపు తిరిగేదాకా తొందరపడకూడదు, తొందరపడి మంట పెంచితే పచ్చగానే నిలిచిపోతుంది, వేలంలో రేటు పడిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే గోధుమ రంగుకి తిరిగి పాడైపోతుంది. రంగు నిలిచాక మెల్లగా పెంచుకుంటా పోయి, ఆఖరికి నడిమి ఈనె ఆరడానికి 160 దాకా తేవాలి. అయిదారు రోజులు రాత్రీ పగలూ మనిషి ఉండాల్సిందే. గంట గంటకీ లేచి, కిటికీలోంచి టార్చి వేసి థర్మామీటర్ చూసి, ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాడంట. ఒకరోజు అర్ధరాత్రి పొగ గొట్టం అతుకు ఊడితే, పొయ్యి తగ్గించి, బంకమట్టి పూసి, రేకు చుట్టి తెల్లారేదాకా ఆపాడంట. లోపల ఉన్న ఆకు మొత్తం వాళ్ల ఇంటి ఏడాది కష్టం.

ఎడిటర్ గారూ, వేడి లెక్క చూడటం, రాసిపెట్టుకోవడం, రాత్రి డ్యూటీ, మిషన్ ఆగకుండా మరమ్మతు. ఫ్యాక్టరీలో షిఫ్టు మనిషికి కావాల్సింది ఇంకేముంది? ఇంత చేసిన పిల్లాడు "నైట్ షిఫ్టు చేయగలవా" అంటే "ఎస్ సార్" అని ఊరుకున్నాడు. ఎందుకు చెప్పలేదు నాయనా అంటే, "పొగాకు అంటే చిన్నచూపు చూస్తారేమో అనుకున్నానక్కా. కోచింగ్‌లో కూడా అగ్రికల్చర్ అని చెప్పి వదిలేయమన్నారు" అన్నాడు.

ఆ కోచింగ్ ఏదో పేరు రాయను. పదిహేను రోజులకి ఆరువేలు కట్టించుకుని, ఒక పుస్తకం ఇచ్చి అందులో యాభై ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టించారు. అందరికీ అవే జవాబులు. అదే బ్యాచ్‌లో చదివిన ఇంకో అబ్బాయికి చెన్నైలో "నీ ముందు వచ్చిన ముగ్గురూ ఈ మాటే చెప్పారు, నువ్వు వేరేది చెప్పు" అన్నారంట. వేరేది చెప్పడం ఆ పుస్తకంలో లేదు.

మళ్లీ ఆ బ్యారన్ అబ్బాయి దగ్గరికి వస్తాను. మూడు సాయంత్రాలు కూర్చున్నాం. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే, డిగ్రీ తెలుగు మీడియం. కాబట్టి నేను నేర్పింది ఏమీ లేదు. ముందు తెలుగులో నాకు చెప్పమన్నాను. తర్వాత అదే మాటని చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో వాడే పెట్టుకున్నాడు. నాలుగు మాటల కన్నా పెద్ద వాక్యం వస్తే విరగ్గొట్టాం. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ నీళ్లు నములుతున్నాడో వాడికే తెలిసింది. నెల తర్వాత వేరే కంపెనీ ఇంటర్వ్యూ, ఇదే గదిలో. మళ్లీ ఖాళీ ఏడాది గురించి అడిగారు. మా నాన్న కాలు విరిగింది సార్, పొగాకు బ్యారన్ నేను నడిపాను సార్ అన్నాడు. అవతలి ఆయన గొంతు మారిపోయింది. బ్యారన్ అంటే ఏంటి, అర్ధరాత్రి వేడి పడిపోతే ఏం చేస్తావు, ఆ నోటు పుస్తకంలో ఏం రాసేవాడివి అని వరసపెట్టి అడిగాడు. ముప్ఫై నిమిషాలు దాటింది. ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామిక వాడలో పనిచేస్తున్నాడు. ఆ ఒక్క మాటకే ఉద్యోగం ఇచ్చారని నేను అనను. డ్రాయింగ్ మీద, కొలతల మీద కూడా అడిగారు, చదువుకుని పోయాడు కాబట్టి చెప్పాడు. కానీ మొదటిసారి కూడా చదువుకునే పోయాడు కదా.

బ్యాంకు పీఓ, అంటే ఆఫీసరు ఉద్యోగం ఇంటర్వ్యూకి పోయేవాళ్ల తిప్పలు వేరు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్లది ఇంటర్వ్యూ 100 మార్కులు, తుది జాబితాలో మెయిన్స్ రాతపరీక్షకి 80 పాళ్లు, ఇంటర్వ్యూకి 20 పాళ్లు. ఆ 20 కోసం పిల్లలు ప్రపంచంలో ఉన్న సమావేశాలన్నీ బట్టీ పడతారు. లోపలికి పోగానే "మీది ఏ జిల్లా, మీ జిల్లా గురించి చెప్పు" అంటారు. కనిగిరి దగ్గర అమ్మాయి ఒకామె ఒంగోలు గిత్త అని చెప్పి ఆగిపోయిందంట. వాళ్ల ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లకి నాయనమ్మ నడుం వంగిపోయి ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల గుండా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు కోసం వాళ్ల నాన్న ఎన్నేళ్ల నుంచి ఎదురుచూస్తున్నాడో ఆ పిల్లకి తెలుసు. అది చెప్పొచ్చని తెలియలేదు. ఒంగోలు జిల్లాగా 1970లో ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకున్న జిల్లా మనది. 2022లో కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి పోయాయి, ఆ తర్వాత జిల్లాలు మళ్లీ మారాయి. ఇప్పుడు మీ జిల్లా సరిహద్దులేంటి అంటే ఏం చెప్పాలో అని పిల్లలు తికమక పడుతున్నారు. మీ జిల్లా ఎడిషన్‌లో ఇవి ఒక్క పేజీలో వేస్తే నేను రోజూ జిరాక్స్ తీసి ఊరికే పంచుతాను.

తెలియని ప్రశ్నకి తెలియదు సార్ అని చెప్పడం కూడా మా పిల్లలకి కష్టంగా ఉంది. బళ్లో తెలియదంటే దెబ్బలు పడ్డాయి కాబట్టి ఏదో ఒకటి చెప్పాలన్న టెన్షన్. అడిగేవాడికి అది క్షణంలో తెలిసిపోతుంది.

కాగితాల సంగతి ఒకటి తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఇక్కడ నేను చూసినన్ని కన్నీళ్లు ఇంకెక్కడా చూడలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి, బ్యాంకులకి మన మామూలు బీసీ సర్టిఫికెట్ చాలదు. కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్‌లో, అంటే బీసీల్లో బాగా ఉన్నవాళ్ల కోవలో, లేరని రాసిన ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీల లోపల తీసుకున్నదై ఉండాలి. ఇంటర్వ్యూ గురువారం అయితే మంగళవారం సాయంత్రం పరిగెత్తుకొచ్చి "అక్కా, ఇది వేరేదంట" అంటారు. తహసీల్దార్ ఆఫీసులో సంతకం కావడానికి రోజులు పడుతుంది. ఇంకొకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీలో ఒక ఇంగ్లీషు అక్షరం తేడా. రాతపరీక్ష రాసిన రోజే ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోమని నేను గోడ మీద రాసిపెట్టాను. ఫలితం వచ్చాక చూసుకుంటే టైం ఉండదు.

పోయిన శీతాకాలం ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం జిరాక్స్‌కి వచ్చాడు. ప్రతి పేజీ రెండు కాపీలు. "ఏమన్నా, లోనా" అంటే, "కాదమ్మా, చేతి బదులుకి. పిల్లోడికి రైల్వేలో ఉద్యోగం. పరీక్ష రాశాడు, ఇంటర్వ్యూలో మార్కులు ఏపిస్తానని ఒకాయన నాలుగు లక్షలు అడిగాడు" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. కేంద్రంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి, అంటే పెద్ద ఆఫీసర్ల కింది స్థాయి ఉద్యోగాలకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే లేవు. ఆ అబ్బాయి రాసిన రైల్వే పరీక్ష ఆ కోవలోదే. నోటిఫికేషన్ తెరిచి, ఎంపిక ఎట్లా చేస్తారో ఉన్న పేజీ ప్రింటు తీసి, ఒక్కొక్క మాటా చదివి చెప్పాను. లేని ఇంటర్వ్యూలో మార్కులు ఎట్టా వేపిస్తాడన్నా అని అడిగాను. ఆయన ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పాసుపుస్తకం కాపీలు అక్కడే వదిలేసి పోయాడు. అవి ఇప్పటికీ నా డెస్కులో ఉన్నాయి. ఇట్లాంటి వాళ్లు ఇంకెంతమంది వేరే షాపుల్లో కాపీలు తీయించుకుని పోయి ఉంటారో అని నాకు నిద్రపట్టదు. దయచేసి దీన్ని మీ పేపర్లో, చదువు తక్కువ ఉన్న తండ్రులకి కూడా అర్థమయ్యేటట్టు, పెద్ద అక్షరాల్లో వేయండి. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి కూడా ఇంటర్వ్యూ ఉండదని అందులో రాయండి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. చాలా మండల కేంద్రాల్లో గ్రంథాలయం ఉంది. పరీక్షలకి చదివే పిల్లలు పొద్దుటి నుంచి అక్కడే కూర్చుంటారు. నిశ్శబ్దం పాటించండి అని బోర్డు ఉంటుంది, అది ఉండాల్సిందే. కానీ వారంలో ఒక సాయంత్రం, రెండు గంటలు, పిల్లలు గొంతు విప్పి మాట్లాడుకునే చోటు కూడా కావాలి. రిటైరైన బ్యాంకు వాళ్లు, టీచర్లు, ఇంజినీర్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? ఒక బల్ల అవతల ముగ్గురు కూర్చుని, వచ్చిన పిల్లని "ఏమ్మా, మీ నాన్న ఏం చేస్తాడు" అని నిజంగా వినాలన్న ఆసక్తితో అడిగితే చాలు. ఇంగ్లీషు తర్వాత దిద్దుకోవచ్చు. డిగ్రీ కాలేజీలు ఉద్యోగం వచ్చిన పాత విద్యార్థుల ఫోటోలు ఫ్లెక్సీల మీద వేస్తున్నాయి. వాళ్లని ఒక పూట పిలిపించి, లోపల ఏం అడిగారో, ఎక్కడ తడబడ్డారో చెప్పించాలి.

మీ పత్రికకి ఒక మనవి. జాబ్ మేళా వార్త జిల్లా పేజీలో ఆ రోజు పొద్దునే వస్తోంది. మర్రిపూడి పల్లెల్లో పిల్ల అది చూసి, కాగితాలు సర్దుకుని, పొదిలి వచ్చి ఒంగోలు బస్సెక్కేసరికి మధ్యాహ్నం అవుతుంది. వారం ముందు వేయండి. ఏ కంపెనీ, ఏ పని, జీతం ఎంత, హాస్టల్ ఉందా లేదా అన్నవి కూడా వేయండి. ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను ముందు అడిగేది హాస్టల్ గురించే. చిట్కాల పక్కన, ఉద్యోగం వచ్చిన ఒక పల్లెటూరి పిల్లవాడు తన గురించి తాను ఏం చెప్పుకున్నాడో వాడి మాటల్లోనే వారానికొకటి వేయండి.

నా వరకు నేను వెనక గదిలో ఒక కుర్చీ, టేబుల్ ఫ్యాను, వెనక తెల్లటి దుప్పటి కట్టి ఉంచాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఎవరొచ్చినా డబ్బు తీసుకోను. డ్వాక్రా పుస్తకాలు రాసే అమ్మాయికి ఈ నెలాఖర్లో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉంది. రేపు సాయంత్రం వాళ్లమ్మని కూడా తీసుకొస్తానంది. సంఘం పుస్తకం ముందు పెట్టుకుని, వాళ్లమ్మ ప్రశ్నలు అడుగుతుంది, ఆ పిల్ల జవాబులు చెబుతుంది. ఆరింటికి జిరాక్స్ మిషన్ ఆపేస్తాను.

ఇట్లు
జిరాక్స్ షాపు నడుపుతున్న మీ పాఠకురాలు,
పొదిలి, ఉమ్మడి ప్రకాశం జిల్లా